వైమానిక శిరస్త్రాణం

వైమానిక శిరస్త్రాణం లేదా ఫ్లైట్ హెల్మెట్ అనగా విమానం నడిపేవారు తలకు దెబ్బ తగలకుండా ధరించే రక్షణ కవచం. యుద్ధవిమానాల పైలట్లు దీనిని విధిగా ధరిస్తారు. చిన్న సొంత విమానాలు నడిపేవారు మాత్రం ఎక్కువగా చెవులకు పెట్టుకొనే హెడ్‌సెట్‌తోనే సరిపెట్టుకొంటారు. అమెరికా పౌర విమానయాన నిబంధనలలో సొంత విమానం నడిపేవారు హెల్మెట్ ధరించాలన్న నియమం లేదు.

చరిత్ర

1908 సెప్టెంబరు 17న అమెరికాలోని వర్జీనియా రాష్ట్రంలో, ఫోర్ట్ మయర్ వద్ద ఆర్విల్ రైట్ నడుపుతున్న విమానం కూలిపోయింది. అందులో ప్రయాణిస్తున్న సైనికాధికారి థామస్ సెల్ఫ్‌రిడ్జ్ పుర్రె పగిలి మరణించాడు. ఇంజనుతో నడిచే విమానం కూలి మరణించిన మొదటి వ్యక్తి ఇతడే. ఆర్విల్ రైట్ గాయాలతో బయటపడ్డాడు. ఈ ప్రమాదం తరువాత అమెరికా సైన్యపు తొలి పైలట్లు కొందరు దళసరి టోపీలు ధరించసాగారు. తరువాతి కాలంలో ప్రసిద్ధి చెందిన తోలు టోపీలు చలినీ, గాలినీ, రొదనూ ఆపడానికి ఉద్దేశించినవే గాని దెబ్బను ఆపలేవు. 1940వ దశకం చివర జెట్ విమానాలతో పాటు గట్టి పెంకు గల హెల్మెట్లు వాడుకలోకి వచ్చాయి.

పనిచేసే విధానం

హెల్మెట్ పైపెంకు దెబ్బను విశాలంగా పరచుతుంది. లోపలి నురుగు పొర నలిగి, తల ఆగే దూరాన్ని పెంచుతుంది. ఉదాహరణకు, సెకనుకు 6 మీటర్ల వేగంతో కదిలే తల అర సెంటీమీటరు దూరంలో ఆగిపోతే దానిపై కలిగే సగటు రుణత్వరణం గురుత్వ త్వరణానికి సుమారు 370 రెట్లు. అదే తల రెండున్నర సెంటీమీటర్లలో ఆగితే అది సుమారు 73 రెట్లకు తగ్గుతుంది. ముందుండే పారదర్శక ఫలకం, అనగా వైజర్, పక్షి ఢీకొని అద్దం పగిలినపుడు కళ్ళను కాపాడుతుంది.

ప్రయోజనం

ప్రాణాపాయం లేని ప్రమాదాలలో సైతం తల పరికరాల పలకకో తలుపు చట్రానికో తగిలి పైలట్ స్పృహ తప్పవచ్చు. అటువంటప్పుడు మంటలు వ్యాపించినా, విమానం నీట మునిగినా బయటపడే అవకాశం పోతుంది. అమెరికా సైనిక హెలికాప్టర్ల ప్రమాదాలపై 1991లో వెలువడిన ఒక అధ్యయనం ప్రకారం, హెల్మెట్ లేనివారికి ప్రాణాంతకమైన తలగాయం కలిగే అవకాశం సుమారు 6 రెట్లు ఎక్కువ. పంటలపై మందు చల్లే విమానాలు, విన్యాస విమానాలు, పైకప్పు లేని అతి తేలిక విమానాలు నడిపేవారిలో చాలామంది హెల్మెట్ ధరిస్తారు.

పరిమితులు

* బరువు మెడపై భారం వేస్తుంది. ఒకటిన్నర కిలోల హెల్మెట్, గురుత్వానికి 4 రెట్ల బలం కలిగే విన్యాసంలో 6 కిలోలుగా తోస్తుంది.
* పైకప్పు తక్కువ ఎత్తులో ఉండే విమానాలలో తల కదలికకు చోటు చాలదు.
* మోటారుసైకిలు హెల్మెట్ దీనికి ప్రత్యామ్నాయం కాదు. అందులో రేడియో సంభాషణకు ఏర్పాటు ఉండదు, పక్కచూపు కూడా తగ్గుతుంది.
* భుజాల మీదుగా కట్టే బెల్టుకు ఇది బదులు కాదు. 1978 జూలై 18 తరువాత తయారైన చిన్న విమానాల ముందు సీట్లకు అమెరికా ఈ బెల్టును తప్పనిసరి చేసింది. శరీరాన్ని బెల్టు ఆపినపుడే తలను హెల్మెట్ కాపాడగలదు.

ఇవి కూడా చూడండి

* రైట్ సోదరులు
* హెలికాప్టర్
* త్వరణం