వెండి రూపాయిపై వన్నె

మా నాయనమ్మ దాచిన, 1862 ముద్రగల విక్టోరియా రాణి రూపాయిని బాల్యమున నేను చింతపండుతోను ఇసుకతోను తోమి తళతళలాడించితిని. పిమ్మట నాణెముల నెరిగిన యొకరు ఆ గీతలు చూపి, వెండి ధరకే కొందుననిరి.

గాలిలోని గంధకము సోకుటచే వెండిపై పొర యేర్పడును. అది పలుచనైనచో పసుపు, ఎరుపు, నీలి వన్నెలు తోచును, మందమైనచో నలుపెక్కును. చెక్కుచెదరని నాణెముపై ఏండ్ల తరబడి సహజముగా నేర్పడిన అందమైన వన్నెకు సేకరించువారిలో కొందరు అధిక మూల్య మిత్తురు. మచ్చలుపడిన నలుపు విలువను తగ్గించును. మందులతో పుట్టించిన రంగు మోసము. అరిగిన సామాన్య నాణెమునకు వన్నె యున్నను తూకమే ప్రధానము: రూపాయి 11.66 గ్రాములు, అందు 12 పాళ్లలో 11 వెండి.

కావున తోమకుడు, అంచులు పట్టి, తెలిసినవారికి చూపుడు. తోమిన వన్నె మరల రాదు.