థాంక్స్ అంటే అమ్మకి కోపమొచ్చింది!

అమెరికాని మనలో చాలామందికి మొదట చూపించింది సినిమాయే కదా! జంధ్యాలగారి 'పడమటి సంధ్యారాగం' గుర్తుందా? విజయశాంతి హీరోయిన్. అందులో అమెరికా కుర్రాడిగా వేసిన థామస్ జేన్ తర్వాత హాలీవుడ్ హీరో అయ్యాడు. 2004లో 'పనిషర్'గా వచ్చింది అతనే! ఆ సినిమా టీవీలో ఎన్నిసార్లు చూశానో. అందుకే డాలస్ పక్కన ప్లేనోలో అక్కావాళ్ళింట్లో ఆరు నెలలుండి రావడానికి బయల్దేరుతూ, "నాకు తెలియని అమెరికానా!" అనుకున్నాను.

తీరా వెళ్ళాక తెలిసింది. సినిమాల్లో పెద్ద తేడాలే చూపిస్తారు. మనిషిని తికమకపెట్టేవి మాత్రం చిన్న చిన్నవి.

పక్కింటావిడ రిటైరైన టీచరు. డెబ్బై ఏళ్ళుంటాయి. పరిచయమైన రోజే "నన్ను పేరు పెట్టి పిలువు" అంది. మా ఉంగుటూరులో మా వీధి మొత్తానికి నేను పేరు పెట్టి పిలిచే పెద్దవాళ్ళు ఒక్కరూ లేరు. బాబాయి, పిన్ని, మావయ్య... చుట్టరికం లేకపోయినా వరస తప్పదు. ఆవిడ పేరు నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోయేది. ఆరు నెలలూ "హలో"తోనే సరిపెట్టాను!

ఇక సినిమా హాలు. ఇంగ్లీషు సినిమాకెళితే పక్కవాడు పాప్‌కార్న్ నమిలినా వినపడేంత నిశ్శబ్దం. అదే హాల్లో తెలుగు ప్రీమియర్ పడితే ఈలలు, కాగితాల వాన! ఇది మనకే చెల్లిందనుకోకండి. 2022లో లాస్ ఏంజెలెస్ చైనీస్ థియేటర్లో 'ఆర్ఆర్ఆర్' వేస్తే 'నాటు నాటు'కి అమెరికన్లే లేచి తెర ముందు గంతులేశారు.

అసలు కథ మామిడిపళ్ళది. ఏళ్ళ తరబడి మన మామిడికి మూసిన తలుపుని అమెరికా 2007లో తెరిచింది, అదీ పురుగు చేరకుండా రేడియేషన్ ఇచ్చిన పళ్ళకే. నూజివీడు తోటల దగ్గర పుట్టినవాణ్ణి, ఇండియన్ స్టోర్లో బంగినపల్లి పెట్టె కనబడితే ఆగుతానా? నాలుగు పళ్ళు ప్లేటులో పెట్టుకుని పక్కింటి తలుపు కొట్టాను. ఆవిడ కంగారుగా తలుపు తీసి, "ఏమైంది? అందరూ క్షేమమేనా?" అంది. అక్కడ ఫోన్ చెయ్యకుండా వెళ్ళరట!

మూడోరోజు ప్లేటు తళతళా కడిగి తెచ్చిచ్చింది. దాంట్లో ఒక కార్డు. అంతే. అక్క ముఖం చిన్నబోయింది. "ఖాళీ ప్లేటు ఇచ్చిందేమిట్రా!" మా ఊళ్ళో పక్కింటి గిన్నెలో ఏదో ఒకటి వెయ్యకుండా తిరిగిచ్చేది లేదు. కనీసం చిటికెడు పంచదారైనా వేస్తారు. నాకూ మనసు చివుక్కుమంది. కార్డు సరిగ్గా చదవను కూడా చదవలేదు.

ఉంగుటూరు తిరిగొచ్చాను. అమ్మ కొత్తావకాయ, వేడన్నం కలిపి పెట్టింది. అలవాటుగా "థాంక్స్ అమ్మా" అన్నాను. ఆవిడ చెయ్యి ఆగిపోయింది.

"ఏమిట్రా, హోటల్లో సర్వర్‌తో అన్నట్టు! నేను పరాయిదాన్నా?"

ఆ సాయంత్రమంతా ముభావంగానే ఉంది. నాకు మాత్రం ఆ కార్డు గుర్తొచ్చింది. పెట్టెలో వెతికి తీశాను. సొంత దస్తూరీతో నిండా రాసింది. పండు ఒలిచిన తీరు, చేతుల వెంబడి రసం కారడం, చిన్నపిల్లలా నవ్వుకోవడం... అన్నీ! మేము ఖాళీ అనుకున్న ప్లేటులో ఆవిడ తన మర్యాద నిండుగానే పెట్టింది. అమ్మకి పరాయిగా తోచిన ఆ మాటే ఆవిడకి ఆప్యాయత. పాపం, ఒక్కసారైనా ఆవిణ్ణి పేరు పెట్టి పిలవలేదే అనిపించింది.

రాత్రి అక్కకి ఫోన్ చేసి చెప్పాను: "ఈసారి పళ్ళిచ్చేటప్పుడు ముందు ఫోన్ చెయ్యి. ప్లేటు ఖాళీగా వస్తే ఏమీ అనుకోకు. కార్డు చదువు."

అమ్మకి మాత్రం మళ్ళీ థాంక్స్ చెప్పలేదు. మర్నాడు భోజనాల దగ్గర ఇంకో ముద్ద అడిగాను. నవ్వేసింది!