కరువు నేల మీద తుప్పుపట్టే బోల్టులు

అనంతపురం దాటి బెంగళూరు వైపు 44వ నంబరు జాతీయ రహదారి పడితే కాసేపట్లోనే రాప్తాడు వస్తుంది. ఉమ్మడి అనంతపురం జిల్లా మొత్తానికీ ఏడాదికి సగటున పడే వాన 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. ఇలాంటి చోట ఇనుముకు తుప్పు బెడద ఉండదనే ఎవరైనా అనుకుంటారు. కానీ వేరుశనగ బస్తాలు, టమోటా పెట్టెలు, ఎరువులు మోసే పికప్ బండి కిందికి దూరి చూస్తే తెలుస్తుంది. కమాన్‌కట్టలను ఇరుసుకు పట్టి ఉంచే యూ బోల్టులు, తొట్టిని ఛాసిస్‌కు బిగించిన నట్లు, సైలెన్సర్ క్లాంపులు ఎర్రగా పొలుసులు కట్టి ఉంటాయి.

తుప్పుకు పెద్ద వానలు అక్కర్లేదు. సన్నటి తడి పొర, దానికి తోడు గాలిలోని ఆక్సిజన్ ఉంటే చాలు. చక్రాలు ఎగజిమ్మిన ఎర్రమట్టి బోల్టు చుట్టూ అట్టకడుతుంది. పైన ఎండినా లోపల తడి చాలాసేపు నిలుస్తుంది. కేంబ్రిడ్జ్ శాస్త్రవేత్త యూలిక్ ఎవాన్స్ 1920ల్లో ఉక్కు రేకు మీద ఉప్పునీటి చుక్క వేసి ఒక సంగతి చూపించారు. గాలి బాగా తగిలే చుక్క అంచు దగ్గర ఇనుము నిలబడింది. గాలి అందని నడిమధ్యనే కరిగిపోయింది. ఆక్సిజన్ ఎక్కువున్న చోటుకూ తక్కువున్న చోటుకూ మధ్య విద్యుత్తు పారుతుంది, తక్కువున్న వైపు ఇనుము నష్టపోతుంది. మట్టి అట్ట కింద, వాషర్ అడుగున, మరల సందుల్లో జరిగేదీ ఇదే. అందుకే బయటికి బాగా కనిపించే బోల్టును విప్పితే లోపల మరలు తినేసి ఉంటాయి.

దీనికి ఎరువు తోడైతే ఇంకా చేటు. తొట్టి సందుల్లోంచి రాలిన యూరియా, 30 డిగ్రీల వేడిలో గాలి తేమ 73 శాతం దాటితే తనంతట తానే నీరు పీల్చుకుంటుంది. పొటాష్ ఎరువులో ఎక్కువగా వాడేది పొటాషియం క్లోరైడ్. సముద్రం ఎంతో దూరంలో ఉన్నా, తీరంలో ఇనుమును తినే క్లోరైడ్ ఈ బస్తాల్లో ఇక్కడికే వచ్చేస్తుంది. ఎరువు దించిన రోజునే బండి అడుగు భాగాన్ని మంచినీటితో కడిగి ఆరబెట్టడం అందుకే అవసరం.

తుప్పు, తాను పుట్టిన ఇనుము కంటే రెట్టింపు మొదలుకొని ఆరు రెట్ల దాకా చోటు ఆక్రమిస్తుంది. మరల మధ్య ఆ చోటు లేదు, కాబట్టి నట్టు పట్టేస్తుంది. బలం కొద్దీ పానా తిప్పితే నట్టు మూలలు అరిగి గుండ్రమవుతాయి, లేదంటే బోల్టే తెగుతుంది. ముందు తీగ బ్రష్షుతో మరలు శుభ్రం చేసి, తుప్పులోకి ఇంకే నూనె పోసి రాత్రంతా వదిలేయాలి. పొద్దున సుత్తితో చుట్టూ మెల్లగా తట్టి, కొద్దిగా బిగించి, ఆ తర్వాతే వదులు చేయాలి. అప్పటికీ రాకపోతే నూనె తుడిచేసి నట్టును మాత్రమే కాల్చాలి. 300 డిగ్రీలు వేడెక్కిన 12 మిల్లీమీటర్ల నట్టు రంధ్రం సుమారు 0.04 మిల్లీమీటర్లే పెరుగుతుంది. పెళుసైన తుప్పు చిట్లడానికి ఆ మాత్రం చాలు. డీజిల్ ట్యాంకు, బ్రేకు పైపుల దగ్గర మాత్రం మంట ఊసే ఎత్తకూడదు. జాకీని ఒక్కదాన్నే నమ్మి బండి కింద పడుకోవడమూ ప్రాణాల మీదికి తెస్తుంది.

అసలు ప్రమాదం కొత్త బోల్టు వేసేటప్పుడు. కొలత సరిపోయిందని చేతికందినది బిగించేస్తారు. తల మీద 8.8 అని ఉన్న 12 మిల్లీమీటర్ల బోల్టు తెగడానికి దాదాపు 6.8 టన్నుల లాగుడు కావాలి. అదే లావున్న 4.6 రకం అందులో సగానికే తెగుతుంది. పక్కపక్కన పెడితే రెండూ ఒకేలా కనిపిస్తాయి. పాత బోల్టు తల మీది అంకెను గీకి చదివి, అదే రకం కొనాలి.

మరలకు గ్రీజు రాస్తే మళ్లీ పట్టేయదు గానీ బిగింపు లెక్క మారుతుంది. పానా మీద పెట్టే శ్రమలో దాదాపు 90 శాతం ఘర్షణకే పోతుంది. మిగిలిన పదో వంతే బోల్టును సాగదీసి పట్టు ఇస్తుంది. గ్రీజుతో ఘర్షణ తగ్గాక పొడి మరలకు చెప్పిన టార్క్‌నే వాడితే బోల్టు మితిమీరి సాగుతుంది. యూ బోల్టులను పాతవి తిరిగి వేయకుండా కొత్తవే వేయాలి. బరువుతో కొంత దూరం తిరిగాక కమాన్‌కట్టలు సర్దుకుని పట్టు వదులవుతుంది కాబట్టి, అప్పుడు టార్క్ రెంచితో మరోసారి సరిచూడాలి.