గిన్నె ఖాళీ అయ్యాక కుక్కకు మిగిలే పగలు

పెంపుడు కుక్క ముందు అన్నం గిన్నె పెట్టి గడియారం చూడండి. చాలా కుక్కలు రెండు నిమిషాల్లోపే ఊడ్చేస్తాయి. లాబ్రడార్‌కైతే అంతసేపు కూడా పట్టదు. పూటకు రెండు నిమిషాల లెక్కన రెండు పూటలకు నాలుగు నిమిషాలు. కడుపు కోసం ఇంట్లో కుక్క పడే పాటు అంతే. ఆ తర్వాత దానికి చేయాల్సిన పనేమీ ఉండదు.

పని లేని కుక్క పని కల్పించుకుంటుంది. చెప్పులు కొరుకుతుంది. లిఫ్టు తలుపు చప్పుడైతే చాలు, మొరుగుతుంది. ముందు కాలిని అదేపనిగా నాకుతుంది. కొన్ని కుక్కలు ఇవేమీ చేయవు, పొద్దస్తమానం పడుకునే ఉంటాయి. వాటిని చూసి ఎంత బుద్ధిగా ఉందో అని మురిసిపోతాం. వాటిలో కొన్ని నిజానికి విసుగెత్తిపోయిన కుక్కలు.

ఈ ఖాళీని కొంతైనా పూడ్చడానికి వచ్చినవి పజిల్ ఫీడర్లు (తిండిని లోపల దాచి ఉంచే బొమ్మలు, కుక్క ముక్కు, కాలు, నాలుక వాడితేనే ఆ తిండి బయటికి వస్తుంది). వీటిలో రకాలు చాలా ఉన్నాయి. మధ్యలో బోలుగా ఉండే గట్టి రబ్బరు బొమ్మలో ముద్ద కూరి పెడతారు. చిల్లులున్న బంతిని దొర్లిస్తే గింజలు ఒక్కొక్కటే రాలతాయి. పలక మీది మూతలను జరిపితే కింద గుంటలో తిండి కనిపిస్తుంది. స్నఫుల్ మ్యాట్ (గుడ్డ పేలికలు ఒత్తుగా ముడివేసిన చాప) అయితే పేలికల మధ్య చల్లిన గింజలను కుక్క వాసనతోనే ఏరుకోవాలి.

వీటిలో అన్నింటికంటే పేరు తెచ్చుకున్నది కాంగ్ అనే రబ్బరు బొమ్మ. 1970లలో అమెరికాలోని కొలరాడోలో జో మార్కమ్ అనే ఆయన దగ్గర ఫ్రిట్జ్ అనే జర్మన్ షెపర్డ్ ఉండేది. అది రాళ్లు కొరికి పళ్లు అరగదీసుకునేది. మార్కమ్ తన ఫోక్స్‌వ్యాగన్ వ్యాన్ బాగుచేసుకుంటుంటే సస్పెన్షన్‌లోని ఒక రబ్బరు ముక్కను కుక్క పట్టేసుకుంది. రాయిని వదిలి దాన్నే కొరుకుతూ కూర్చుంది. కాంగ్ బొమ్మ ఆకారం అక్కడి నుంచే వచ్చింది. మూతలు జరిపే చెక్క పలకలను 1990ల మొదట్లో స్వీడన్‌లో నినా ఒట్టోసన్ తయారుచేసింది. ఇప్పుడు హైదరాబాద్, విజయవాడ, విశాఖల్లోని పెట్ షాపుల్లోనూ ఈ రకం బొమ్మలు దొరుకుతున్నాయి.

మన అమ్మమ్మల కాలంలో కుక్కకు ఇలాంటివేవీ అక్కర్లేదు కదా అనిపించవచ్చు. ఆ మాట నిజమే. అప్పటి కుక్క వాకిట్లో ఉండేది, ఊరంతా తిరిగేది. ఇంటివాళ్లు వేసిన ముద్ద దాని తిండిలో ఒక భాగం మాత్రమే. మిగతాది అది వెతుక్కునేది. ఈనాటి వీధి కుక్కల బతుకూ అదే. చెత్తకుప్పలో ఏది తినదగిందో, ఏది కాదో ముక్కే తేల్చాలి. ఐసర్ కోల్‌కతా అనే పరిశోధన సంస్థలో అనిందితా భద్ర బృందం వీధి కుక్కల మీద ఏళ్ల తరబడి పరిశోధన చేస్తోంది. వాళ్లు రొట్టె ముక్కలు పెట్టి చూస్తే, మాంసం వాసన ఎక్కువగా ఉన్న ముక్కనే పెద్ద కుక్కలు ముందుగా ఎంచుకున్నాయి. అంటే వీధి కుక్కకు ప్రతి పూటా ఒక పరీక్షే. అపార్ట్‌మెంట్ మూడో అంతస్తులో ఉన్న కుక్కకు ఆ పరీక్ష లేదు. ఇంట్లో ఇద్దరూ ఉద్యోగాలకు వెళ్తే మనుషుల అలికిడీ ఉండదు. ఏప్రిల్, మే నెలల్లో తారు రోడ్డు అరికాళ్లు కాలేలా ఉంటుంది కాబట్టి వాకింగ్ తెల్లవారుజాముకో, పొద్దు గూకాకో పరిమితమవుతుంది. తిండికి లోటు లేదు, వైద్యానికి లోటు లేదు. వెతుకులాట ఒక్కటే లేదు.

వెతుకులాటకు అంత విలువ ఎందుకంటే, మెదడులో తినడం వేరు, తిండి కోసం వెతకడం వేరు. ఈ తేడా అర్థం కావాలంటే డోపమైన్ (మెదడులో ఒక కణం నుంచి ఇంకో కణానికి సందేశం చేరవేసే రసాయనాల్లో ఒకటి) గురించి కొంచెం తెలియాలి. స్విట్జర్లాండ్‌లో వోల్‌ఫ్రామ్ షుల్ట్జ్ అనే శాస్త్రవేత్త 1990లలో కోతుల మీద చేసిన ప్రయోగాలు ప్రసిద్ధం. మొదట్లో పళ్లరసం నోట్లో పడినప్పుడు కోతి మెదడులోని డోపమైన్ కణాలు చురుగ్గా స్పందించాయి. కొన్నాళ్లకు, రసం రాబోతోందని తెలిపే సంకేతం కనిపించగానే స్పందించడం మొదలైంది. ఊహించిన రసం వచ్చినప్పుడు ఆ స్పందన లేదు. ఉత్సాహం పుట్టే చోటు నోటి నుంచి ఎదురుచూపుకు మారిందన్నమాట. జాక్ పాంక్‌సెప్ అనే శాస్త్రవేత్త ఈ వెతికే ఉత్సాహాన్ని క్షీరదాలన్నింటిలోనూ ఉండే మూల భావోద్వేగాల్లో ఒకటిగా లెక్కించారు. గిన్నె పెట్టగానే తిండి దొరికితే ఎదురుచూపు క్షణంలో ముగుస్తుంది. గింజ గింజకూ వెతకాల్సి వస్తే ఆ ఉత్సాహం అన్నిసార్లు మళ్లీ మొదలవుతుంది.

కుక్కలో ఈ వెతుకులాట ఎక్కువగా ముక్కు మీదుగా నడుస్తుంది. వాసన పట్టే గ్రాహకాలు మనిషి ముక్కులో సుమారు 50 లక్షలు ఉంటాయని, కుక్క ముక్కులో జాతిని బట్టి 20 నుంచి 30 కోట్ల దాకా ఉంటాయని అంచనా. ఈ ముక్కుకు పని ఇస్తే ఏమవుతుందో షార్లెట్ డ్యురాంటన్, అలెగ్జాండ్రా హోరోవిట్జ్ 2019లో ప్రచురించిన పరిశోధన చూపింది. కొన్ని కుక్కల చేత రెండు వారాలపాటు వాసన పట్టి వెతికే ఆటలు ఆడించారు. మరికొన్నింటి చేత యజమాని పక్కన క్రమశిక్షణతో నడవడం సాధన చేయించారు. తర్వాత వాటి మనస్థితిని ఒక పరీక్షతో కొలిచారు. ఒక పక్కన పెట్టిన గిన్నెలో ఎప్పుడూ తిండి ఉంటుంది, ఇంకో పక్క గిన్నె ఎప్పుడూ ఖాళీ. ఈ సంగతి కుక్కకు అలవాటయ్యాక గిన్నెను రెండింటికీ మధ్యలో పెడతారు. అందులో తిండి ఉంటుందన్న ఆశ ఉన్న కుక్క త్వరగా వెళ్తుంది. ముక్కు ఆటలు ఆడిన కుక్కలు మునుపటి కంటే త్వరగా వెళ్లాయి. నడక సాధన చేసిన కుక్కల్లో ఆ మార్పు రాలేదు.

అయితే నాకు అన్నింటికంటే ముఖ్యమనిపించే ప్రయోగం స్వీడన్‌లోని ఉప్సలాలో జరిగింది, దాని ఫలితాలు 2014లో వెలువడ్డాయి. పన్నెండు బీగిల్ కుక్కలను ఆరు జతలుగా తీసుకున్నారు. జతలో ఒక కుక్క తనకు నేర్పిన పరికరాన్ని సరిగ్గా నడిపితేనే గేటు తెరుచుకుంటుంది, బహుమతి దొరుకుతుంది. రెండో కుక్కకూ అదే బహుమతి, అంతే సేపటి తర్వాత దొరుకుతుంది. కాకపోతే అది ఏం చేసినా, చేయకపోయినా ఒకటే. బహుమతి సమానం, సమయం సమానం. కానీ ప్రవర్తన వేరుగా కనిపించింది. తన పని వల్ల గేటు తెరుచుకున్న కుక్క తోక ఎక్కువగా ఊపింది, ఆ గదిలోకి మళ్లీ ఉత్సాహంగా వెళ్లింది. ఊరికే దొరికిన కుక్క కొన్నాళ్లకు గదిలోకి రావడానికే వెనకాడింది, పరికరాలను కొరకడం మొదలుపెట్టింది. తాను చేసినదానికీ, జరిగినదానికీ సంబంధం ఉందని కుక్కకు తెలుస్తుంది. ఆ తెలియడంలోనే దానికి సంతోషం ఉంది. పజిల్ ఫీడర్ విలువంతా ఇక్కడే ఉందని నేననుకుంటాను. కాసేపు కుక్కను ఊరుకోబెట్టడం దాని అసలు ప్రయోజనం కాదు.

ఇక్కడ ఒక అతిశయోక్తిని సరిదిద్దాలి. కుక్కలు ఊరికే పెట్టిన తిండి కంటే కష్టపడి సంపాదించినదాన్నే ఇష్టపడతాయని బొమ్మల ప్రకటనల్లో కనిపిస్తుంది. కాంట్రాఫ్రీలోడింగ్ (ఊరికే దొరికే తిండి పక్కనే ఉన్నా కష్టపడి తెచ్చుకునేదాన్ని ఎంచుకోవడం) అనే ఈ గుణాన్ని 1963లో గ్లెన్ జెన్సెన్ ఎలుకల్లో చూపించారు. గిన్నె నిండా తిండి పక్కనే ఉన్నా ఎలుకలు మీట నొక్కుతూ తిన్నాయి. 2022లో వెలువడిన ఒక అమెరికా పరిశోధనలో 38 పెంపుడు కుక్కలకు వాటి ఇళ్లలోనే ఇలాంటి పరీక్ష పెట్టారు. ఒక పక్క పళ్లెంలో తిండి, ఇంకో పక్క స్నఫుల్ మ్యాట్‌లో తిండి. ఎక్కువ కుక్కలు మ్యాట్‌లో వెతకడానికి సిద్ధపడ్డాయి. అలాగని పళ్లెం కంటే మ్యాటే ముద్దని ఏమీ అనలేదు. కాబట్టి మీ కుక్క బొమ్మను పక్కకు నెట్టి గిన్నె దగ్గర కూర్చుంటే దానికేదో లోపం ఉందనుకోవద్దు. దానికి వెతుకులాట కొత్త. నెమ్మదిగా అలవాటు చేయాలి.

అలవాటు చేయడంలో తొందర పనికిరాదు. కుక్కకు ఒక స్వభావం ఉంది. చిక్కు విడదీయలేకపోతే అది మనిషి ముఖంలోకి చూస్తుంది. బుడాపెస్ట్ శాస్త్రవేత్తలు 2003లో, మనుషుల మధ్యే పెరిగిన తోడేళ్లనూ కుక్కలనూ పోల్చి ఈ తేడాను నమోదు చేశారు. తిండి నోటికందకపోయినా తోడేళ్లు తమ ప్రయత్నం ఆపలేదు. కుక్కలు త్వరగా మనిషి వైపు తిరిగాయి. అందువల్ల మొదటి రోజే కష్టమైన బొమ్మ ఇస్తే కుక్క రెండుసార్లు కాలితో తట్టి మీ వైపు చూస్తుంది. మీరు జాలిపడి తీసిస్తే, చూస్తే చాలని నేర్చుకుంటుంది. మీరు పట్టించుకోకపోతే విసిగి వదిలేస్తుంది. రెండూ నష్టమే. మొదట్లో నూటికి నూరు పాళ్లు గెలిచేలా పెట్టాలి. ఆ తర్వాతే కొంచెం బిగించాలి.

దీనికి కొన్న బొమ్మే అక్కర్లేదు. పాత ఇడ్లీ ప్లేటు ఒకటి కుక్క కోసం విడిగా పెట్టండి. గుంటల్లో నాలుగేసి డాగ్ ఫుడ్ గింజలు వేయండి. మొదటి రోజు ప్లేటును అలాగే ఇవ్వండి. స్టీలు ప్లేటు గచ్చు మీద గలగలమంటే పిరికి కుక్క బెదిరి ఇక దగ్గరికి రాదు, అందుకని కింద గోనెపట్టా పరవండి. తినడం అలవాటయ్యాక రెండు గుంటల మీద టెన్నిస్ బంతులు పెట్టండి. బంతి గుంటలో చక్కగా కూర్చుంటుంది. కుక్క వాసన చూస్తుంది, ముక్కుతో నెడుతుంది, బంతి దొర్లిపోగానే ఒక్క క్షణం దాన్నే చూసి మళ్లీ గుంటలో మూతి పెడుతుంది. ఆ తర్వాత అన్ని గుంటలనూ మూసి, రెండింటిలోనే తిండి ఉంచండి. ఇప్పుడు బంతులు దొర్లించడం సరిపోదు, ఏ బంతి కింద ఉందో ముక్కు చెప్పాలి. ఆట ముగియగానే బంతులు తీసేయండి, లేకపోతే చీల్చి మింగే కుక్కలుంటాయి. పాత తువ్వాలును పరిచి, గింజలు చల్లి, చాప చుట్టినట్టు చుట్టి ఇవ్వడం ఇంకా తేలిక. నా మట్టుకు మూతలు జరిపే ప్లాస్టిక్ పలకల కంటే ఇలాంటివే నయం. పలకలోని కిటుకు కుక్కకు వారంలో కంఠస్థమైపోతుంది. వాసనతో వెతికే ఆటలో తిండి ఉండే చోటు రోజూ మారుతుంది.

లోపల ఏం పెట్టాలన్నది జాగ్రత్తగా చూసుకోవాలి. అన్నింటికంటే ముందు, బొమ్మలో పెట్టేది రోజువారీ తిండిలోంచి తీసిందే కావాలి. గిన్నె నిండా పెట్టి, పైన బొమ్మ నిండా పెడితే కుక్క లావెక్కుతుంది. ఉప్పూ పోపూ లేని పెరుగన్నం, ఉడికించిన చికెన్ తునకలు, క్యారెట్ ముక్కలు చాలా కుక్కలకు పడతాయి. ఎండాకాలంలో పెరుగన్నం కూరిన రబ్బరు బొమ్మను ఫ్రీజర్‌లో గడ్డకట్టించి ఇస్తే చాలాసేపు నాకుతూ కూర్చుంటుంది. పీనట్ బటర్ పెట్టేవాళ్లు డబ్బా మీద జైలిటాల్ (చక్కెరకు బదులు వాడే ఒక తీపి పదార్థం) ఉందేమో చదవాలి. అది కుక్క రక్తంలో చక్కెరను ప్రమాదకరంగా పడగొడుతుంది, కాలేయాన్ని దెబ్బతీస్తుంది. చాక్లెట్, ద్రాక్ష, కిస్మిస్, ఉల్లి, వెల్లుల్లి కూడా కుక్కకు విషమే. మన వంటల్లో ఉల్లి లేనిది అరుదు కాబట్టి మిగిలిన కూర బొమ్మలో కూరడం మంచిది కాదు.

బొమ్మ ఎంపిక, వాడకం సంగతీ ఉంది. బోలుగా ఉన్న బొమ్మకు ఒకే రంధ్రం ఉంటే, నాకేటప్పుడు లోపలి గాలి తగ్గి నాలుక ఇరుక్కుపోవచ్చు. రెండో వైపు చిన్న రంధ్రం ఉన్నదే కొనాలి. నోట్లో పూర్తిగా పట్టేంత చిన్న బొమ్మ గొంతుకు అడ్డుపడుతుంది. ఇంట్లో రెండు కుక్కలుంటే వేర్వేరు గదుల్లో ఇవ్వాలి, లేకపోతే స్నేహంగా ఉండే కుక్కలు కూడా తిండి దగ్గర కొట్లాడుకుంటాయి. వాడిన వెంటనే కడగకపోతే అరగంటలో చీమలు పడతాయి, పెరుగు పులిసిపోతుంది. గ్రేట్ డేన్, జర్మన్ షెపర్డ్ వంటి లోతైన ఛాతీ ఉన్న పెద్ద జాతుల్లో గబగబా మింగడం వల్ల కడుపు ఉబ్బి మెలితిరిగే ప్రాణాపాయం పెరుగుతుంది. అలాంటి కుక్కల చేత నెమ్మదిగా తినిపించడమే ఒక రక్షణ.

ముసలి కుక్కలకు ఈ ఆటలు మానేయనక్కర్లేదు. మనుషులకు మతిమరుపు వచ్చినట్టే వాటికీ వయసుతో మెదడు మందగిస్తుంది. వయసు మళ్లిన బీగిల్ కుక్కలకు కొత్త బొమ్మలు, తోడు, వ్యాయామం, నేర్చుకునే పనులు ఇస్తూ, ఆహారంలోనూ మార్పులు చేసి, కెనడా, అమెరికా శాస్త్రవేత్తలు రెండేళ్లకు పైగా గమనించారు. 2005లో వెలువడిన ఆ ఫలితాల్లో, ఇవన్నీ కలిపి అందుకున్న కుక్కల నేర్చుకునే శక్తి మిగతావాటికంటే మెరుగ్గా నిలిచింది. పళ్లు ఊడిన కుక్కకు గట్టి రబ్బరు వద్దు, నాకే చాప, తువ్వాలు చుట్ట చాలు.

ఈ బొమ్మలు చేయలేని పనులున్నాయి. ఇవి వాకింగ్‌కు బదులు కావు. వీధిలో స్తంభం దగ్గర ఆగి వాసన చూసే సమయం కుక్కకు వేరే కావాలి. ఇవి మనిషి తోడుకూ బదులు కావు. ఒంటరిగా ఉండలేక హడలిపోయే కుక్క విషయంలో ఇది మరీ ముఖ్యం. భయంలో ఉన్న జంతువుకు ఆకలి మందగిస్తుంది. తాళం వేసి వెళ్లేటప్పుడు నిండా కూరి ఇచ్చిన బొమ్మను మీరు తిరిగొచ్చేసరికి కుక్క ముట్టకుండా ఉండి, తలుపు మీద గోళ్ల గీతలు కనిపిస్తే, దాని బాధ విసుగు కాదు. ఇంకో బొమ్మ కొన్నా తగ్గదు. పశువైద్యుడికి చూపించాలి. డాక్టరు దగ్గరికి వెళ్లేముందు ఒకరోజు పాత ఫోను ఒకటి గదిలో పెట్టి, మీరు లేనప్పుడు మొదటి అరగంట అది ఏం చేస్తోందో వీడియో తీసుకోండి. డాక్టరు అడిగే మొదటి ప్రశ్నల్లో సగానికి జవాబు అందులోనే ఉంటుంది.