రేకులు లేని చామంతి

1806లో దండు విడిదిగా వెలసిన సికిందరాబాదులో, పటాలాల అవసరాలు తీర్చిన అంగడివీథి రెజిమెంటల్ బజార్. ఆ పేట పాత ప్రహరీల పగుళ్ళలో, పిడికెడు మన్ను నిలిచిన చోటల్లా గడ్డిచామంతి పూస్తుంది. నడుమ పసుపుపచ్చని బొట్టు, చుట్టూ పాలరంగు రేకులు, రేకు కొసన మూడు పళ్ళు. చామంతికి చుట్టమని పసివాడైనా చెప్పగలడు. చుట్టమే, కాని అమెరికా ఉష్ణమండలం నుంచి వచ్చి స్థిరపడినది.

అరకులోయలో కార్తీక మార్గశిరాలలో కొండవాలులను ముంచెత్తే వలిసె పూలదీ అదే కుటుంబం. వాటిని అడవిపూలనుకొని మురిసేవారు ఎందరో! అవి గిరిజన రైతులు నూనెగింజలకై విత్తిన పైరు, పుట్టినిల్లు ఇథియోపియా.

అవే తూర్పు కనుమల దక్షిణభాగాన, సేలం సమీపంలోని షెవరాయ్ కొండలలో, ఆ కుటుంబపు అచ్చమైన స్వదేశీ మొక్క ఒకటి అరుదుగా కానవస్తుంది. దానిని చూచినవారెవరూ చామంతి అనరు. అది చెట్టు! పువ్వుకు రేకులే లేవు. 1915 నుంచి మద్రాసు రాజధాని వృక్షజాలాన్ని సంపుటాలుగా వెలువరించిన గాంబుల్ దానికి ఆ కొండల పేరుతోనే వెర్నోనియా షెవరాయెన్సిస్ అని నామకరణం చేశాడు. తరువాతివారు మోనోసిస్ ప్రజాతిలో చేర్చారు.

మరి చామంతి కుటుంబమని ఎట్లా తెలిసింది? పువ్వును విప్పి చూడడం వల్ల. మనం ఒక పువ్వు అనుకొనేది నిజానికి నిండుకొలువు. ఒకే పీఠం మీద చిన్న పుష్పకాలు గుమిగూడి ఉంటాయి. చుట్టూ పుచ్ఛాలు కంచె కడతాయి. గడ్డిచామంతిలో అంచు పుష్పకాలు రేకులుగా సాగుతాయి. వెర్నోనియా తెగలో అన్నీ గొట్టాలే. గొట్టం లోపల ఐదు కేసరాల పరాగకోశాలు ఒకదానికొకటి అంటుకొని కీలాన్ని చుట్టి ఉంటాయి. కాయ నెత్తిన కేశగుచ్ఛం ఉంటుంది.

ఈ పరీక్షకు కొండ ఎక్కనక్కరలేదు. గడ్డిచామంతి పెరిగే గోడల పక్కనే సహదేవి కూడ మొలుస్తుంది. ఊదారంగు చిన్న తలలు, రేకులు లేవు. ఒకప్పుడు ఇదీ వెర్నోనియా ప్రజాతిలోనిదే. ఒక సూది, ఒక భూతద్దం ఉంటే తరగతిగదిలోనే విప్పి చూపవచ్చును. విస్తారంగా దొరికే మొక్క గనుక నష్టం లేదు.

అరుదైన చెట్టు దగ్గర మాత్రం సూదికీ కత్తెరకూ పని లేదు. కోసిన ప్రతి పూగుత్తితోను కొన్ని విత్తనాలు పోతాయి. ఆకుల అమరిక, పూగుత్తి, కాయ ఛాయాచిత్రాలు తీసి, తావు, తేదీ వ్రాసుకొని, హైదరాబాదులోనే ఉన్న భారత వృక్షశాస్త్ర సర్వే దక్కన్ ప్రాంతీయ కేంద్రం వంటి చోట చూపవలెను. ఆ తావును పదిమందిలో చాటకపోవడం మంచిది.