ఎవరూ తొడగని ఆరో నంబరు

మా కాలేజీలో హాజరు పిలిచేటప్పుడు పేర్లతో పని లేదు, అంతా నంబర్లతోనే. కొన్నేళ్ల కిందట బి.ఏ. రెండో సంవత్సరం క్లాసులో 23వ నంబరు కుర్రవాడు సెలవుల్లో కాలవకు ఈతకు వెళ్లి, మరి తిరిగి రాలేదు. కాలేజీ తెరిచిన రోజున అలవాటు కొద్దీ "ఇరవై మూడు" అనేశాను. క్లాసంతా బిక్కచచ్చిపోయింది. మర్నాటి నుంచి ఇరవై రెండు తరవాత ఒక్క క్షణం ఆగి, ఇరవై నాలుగు అనేవాణ్ణి. ఎవరూ చెప్పకుండానే పిల్లలు కూడా ఆ క్షణం పాటు మౌనంగా వుండేవారు.

నెల తిరిగేసరికి వేరే వూరి నుంచి ఒక అబ్బాయి వచ్చి చేరాడు. ఆఫీసులో ఖాళీగా కనిపించిన నంబరు అతనికి ఇచ్చారు. "ఇరవై మూడు" అనగానే వెనక బెంచీలోంచి కొత్త గొంతు "ప్రెజెంట్ సార్!" అంది. క్లాసంతా అతనివైపు దొంగను చూసినట్టు చూసింది. పాపం, అతనికి సంగతే తెలియదు. ఏం చెయ్యాలో నాకూ తోచలేదు. తల వంచుకుని ఇరవై నాలుగు పిలిచాను.

ఆ రోజు నాకు తోచని జవాబు తరవాతెప్పుడో, సముద్రాల అవతల, మంచుగడ్డ మీద దొరికిందంటే మీరు నవ్వుతారేమో!

ఆ మధ్య దసరా సెలవులకు కెనడాలోని టొరంటోలో వున్న మా తమ్ముడి ఇంటికి వెళ్లాను. "పెదనాన్నా, నీకు మంచు హాకీ చూపిస్తాను రా" అని వాళ్లబ్బాయి లాక్కుపోయాడు. కాళ్లకు కత్తుల్లాంటి స్కేట్లు కట్టుకుని, జట్టుకు ఆరుగురు చొప్పున, గట్టి రబ్బరు బిళ్ల కోసం మంచు మీద దూసుకుపోతున్నారు. ఆ వేగానికి నా కళ్లు ఆనక, తల పైకెత్తాను. పైకప్పు నుంచి పెద్ద పెద్ద పతాకాలు వేలాడుతున్నాయి. ఒక్కోదాని మీద ఒక్కో నంబరు, ఒక పేరు.

"అవి రిటైరైన నంబర్లు పెదనాన్నా. వాటిని ఇంకెవరూ తొడుక్కోకూడదు."

"మనుషులు రిటైరవడం విన్నాను గాని, అంకెలు కూడానా? మరి పింఛనెంతరా?" అన్నాను. వాడు నవ్వలేదు. ఆట విరామంలో 6వ నంబరు కథ చెప్పాడు.

ఆ జట్టు పేరు టొరంటో మేపుల్ లీఫ్స్. 1933 డిసెంబరు 12న బోస్టన్‌లో ఆట. ఆ వూరి జట్టులోని ఎడ్డీ షోర్ అనే ఆటగాడు, టొరంటోకు 6వ నంబరు చొక్కాతో ఆడే ఏస్ బెయిలీని వెనక నుంచి ఢీకొట్టాడు. ఆ రోజుల్లో తలకు హెల్మెట్ పెట్టుకునే అలవాటు లేదు. బెయిలీ తల మంచుకు కొట్టుకుని పుర్రె చిట్లింది. రెండుసార్లు ఆపరేషన్ చేశారు. బతకడనే అనుకున్నారంతా. బతికాడు, కాని 30 ఏళ్లకే ఆట ముగిసిపోయింది. షోర్‌ను 16 ఆటలపాటు ఆడకుండా నిషేధించారు.

1934 ఫిబ్రవరి 14న బెయిలీ సహాయార్థం టొరంటోలో ఒక ఆట ఏర్పాటు చేశారు. ఒకవైపు మేపుల్ లీఫ్స్, మరోవైపు తక్కిన జట్లలోని మేటి ఆటగాళ్లు. వారిలో షోర్ కూడా వున్నాడు! ఆటకు ముందు ఒక్కొక్కరే వచ్చి బెయిలీని పలకరిస్తున్నారు. షోర్ వంతు వచ్చింది. వేలాది జనం వూపిరి బిగబట్టి చూస్తున్నారు. బెయిలీ చెయ్యి చాచాడు. ఇద్దరూ చేతులు కలిపారు. మైదానం హర్షధ్వానాలతో మారుమోగింది. 6వ నంబరును ఇక టొరంటో ఆటగాడెవరూ తొడగడని ఆ రాత్రే ప్రకటించారు. ఆ లీగులో అలా విశ్రాంతి పొందిన మొదటి నంబరు అదే.

పక్కనే 5వ నంబరు. అది బిల్ బరిల్కోది. 1951 ఏప్రిల్ 21న మాంట్రియల్ మీద గెలుపు గోలు కొట్టి స్టాన్లీ కప్పు తెచ్చిపెట్టాడు. నాలుగు నెలలు దాటగానే, చేపల వేటకు వెళ్లి చిన్న విమానంలో తిరిగివస్తూ మాయమయ్యాడు. అప్పటికతనికి 24 ఏళ్లు. ఎంత వెతికినా ఆచూకీ లేదు. పదకొండేళ్లపాటు జట్టుకు మళ్లీ కప్పూ రాలేదు. 1962 ఏప్రిల్‌లో కప్పు వచ్చింది. జూన్‌లో అడవిలో విమాన శకలాలు దొరికాయి.

"ఇలా దాచేస్తూ పోతే అంకెలు అయిపోవుట్రా?" అన్నాను. నవ్వులాటకు అన్నమాట కాదది. చాలాకాలం టొరంటో వారు ఈ రెండింటినే దాచారు. తక్కిన మేటి ఆటగాళ్ల పేర్లు పైకప్పుకు ఎక్కినా, వారి నంబర్లు కొత్తవారికి ఇచ్చేవారు. 2016లో నూరేళ్ల పండుగ సందర్భంగా వాటినీ కలిపి 13 నంబర్లను పక్కన పెట్టారు. వేన్ గ్రెట్స్కీ అనే మహా ఆటగాడి 99ని 2000లో లీగు మొత్తానికే లేకుండా చేశారు.

నాకు మన ఆచారం గుర్తుకొచ్చింది. తాతగారు పోతే ఆ పేరు దాచం, మనవడికి పెట్టుకుంటాం. మామగారి పేరు పెట్టి కొడుకును తిట్టలేక కోడలు "ఒరే చిన్నా" అంటుంది గాని, ఆ పేరు ఇంట్లో మళ్లీ తిరుగుతూనే వుంటుంది. ఏది మేలు? దాచడమా, ఇవ్వడమా?

దీనికి జవాబు బెయిలీయే చెప్పాడు. రాన్ ఎల్లిస్ అనే యువకుడి ఆట, నడవడి ఆయనకు నచ్చాయి. 1968లో తన 6వ నంబరును ఆ అబ్బాయికి ఇమ్మని తానే అడిగాడు. ముప్ఫయి నాలుగేళ్లు ఎవరూ తాకని చొక్కా అది! ఎల్లిస్ 1981లో ఆట మానేదాకా దాన్నే తొడిగాడు. ఆ తరవాత మళ్లీ దాచారు. బెయిలీ 1992లో, 88వ యేట కన్నుమూశాడు.

ఆ చొక్కా ఎవరిదో, ఎందుకిచ్చారో తెలిసే ఎల్లిస్ తొడుక్కున్నాడు. అప్పుడు నాకు మా క్లాసు మళ్లీ కళ్లకు కట్టింది. ఆ నంబరు కొత్త కుర్రవాడికి ఇవ్వడం తప్పు కాదు. అది ఎవరిదో చెప్పకుండా ఇవ్వడమే తప్పు. చెప్పవలసినవాణ్ణి నేనే. అతన్ని దగ్గరకు పిలిచి, "బాబూ, ఇది ఫలానా వాడి నంబరు. మంచివాడు. ఇకనుంచి నీది" అని వుంటే, పిల్లలు అతన్ని దొంగలా చూసేవారు కాదు, స్నేహితుడి వారసుడిలా చూసేవారు.

ఆ క్లాసు ఎప్పుడో వెళ్లిపోయింది. ఇప్పటికీ హాజరు పిలిచేటప్పుడు ఇరవై రెండు దగ్గర నా గొంతు ఒక్క క్షణం ఆగుతుంది. "ఇరవై మూడు" అంటాను. "ప్రెజెంట్ సార్" అని వినబడ్డాకగాని ప్రాణం కుదుటపడదు.