బోధను చెఱకు, సముద్రపు గాలి

సముద్రమునందు గాలిమరలు నాటి విద్యుచ్ఛక్తిని తీయుచున్నారను వార్తను మీరు పత్రికలలో చదివియే యుందురు. నిజామాబాదునుండి ఏ దిక్కునకు బయలుదేరినను నాలుగువందల కిలోమీటర్లు దాటినగాని సముద్రము కనబడదు. అట్టి మనకు ఆ ముచ్చట యేల యని మీరడుగవచ్చును. నాకు రెండు కారణములు తోచుచున్నవి. 2013వ సంవత్సరము డిసెంబరు 31వ తేదీన దక్షిణదేశపు విద్యుత్తు తీగెలు తక్కిన దేశపు తీగెలతో కలిసిపోయినవి. అందువలన రేపు గుజరాతు సముద్రమున పుట్టిన కరెంటైనను మన వంటింటి దీపమునకు తోడుగా రాగలదు. ఇది మొదటి కారణము. ఇంతకంటె ముఖ్యమైనది రెండవది. ఒక పరిశ్రమ వెనుక నెన్ని చేతులు గొలుసువలె ఒకదానినొకటి పట్టుకొని నిలువవలయునో, ఆ గొలుసు తెగిననాడు ఇండ్లలో ఏమి జరుగునో, బోధను స్త్రీలకు తెలిసినంతగా తెలిసినవారు అరుదు. కావున సముద్రపు గాలి సంగతిని శక్కరునగరపు పొగగొట్టము కడనుండియే మొదలుపెట్టెదను.

మంజీరానదిపై నిజాముసాగరపు ఆనకట్టను 1923లో ఆరంభించి 1931లో ముగించిరి. నవాబు అలీ నవాజ్ జంగ్ బహదూరు అప్పటి ముఖ్య ఇంజనీరు. రెండు లక్షల డెబ్బదియైదువేల ఎకరములకు నీరు పారింపవలెనని సంకల్పము. నీరు వచ్చినంతమాత్రమున పంట వచ్చునా? వానకు ఎదురుచూచి జొన్నలు పండించుకొను రైతులకు కాలువక్రింది సేద్యము క్రొత్త. కృష్ణా గోదావరీ మండలములనుండి రైతు కుటుంబములు తరలివచ్చి ఇచట భూములు కొని స్థిరపడెను. వారు నెలకొల్పుకొన్న గ్రామములను జనులు నేటికిని క్యాంపులనియే పిలుచుచున్నారు. 1937లో బోధనునందు నిజాం చక్కెర కర్మాగారము స్థాపింపబడెను. ఒకప్పుడు ఆసియాఖండమునందే పెద్దదని దానికి పేరుండెను. దానికి స్వంతముగా సుమారు 16,000 ఎకరముల చెఱకు క్షేత్రములుండెడివి. జానకంపేటనుండి బోధనునకు రైలుమార్గము, రుద్రూరులో చెఱకు పరిశోధనక్షేత్రము, పనివారికి శక్కరునగరమున ఇండ్లు, ఇట్లు ఒకదాని వెంట నొకటి అమరినవి. ఇందు గమనింపదగినది క్రమము. ముందు నీరు, పిదప సేద్యము నేర్చిన చేతులు, ఆ పిదప మిల్లు. రైతులు చెఱకు వేయుదురో లేదోయని ప్రభుత్వము ఊరకుండలేదు. తానే ఆనకట్ట కట్టించి, తానే మిల్లు పెట్టించి, ఆ మిల్లునకు కొంత చెఱకును స్వంత క్షేత్రములలోనే పండించుకొనునట్లు ఏర్పాటు చేసెను.

చెఱకు మొండి పంట. పదినెలలో పండ్రెండునెలలో చేనిలో నిలుచును. నరికిన మరునాటినుండియే దానిలోని తీపి తగ్గనారంభించును. ధాన్యమును గాదెలో పోసికొని ధరకు ఎదురుచూడవచ్చును. పసుపును ఉడికించి యెండబెట్టి మూటగట్టి అటకపై నుంచవచ్చును. చెఱకును దాచుకొన్నవారు లేరు. కావున చుట్టుప్రక్కల మిల్లు లేని రైతు చెఱకు వేయలేడు. చుట్టుప్రక్కల చెఱకు లేని మిల్లు ఆడలేదు. ఇంకొక విచిత్రము. నూరు మణుగుల చెఱకాడినచో ఇంచుమించు ముప్పది మణుగుల పిప్పి మిగులును. ఆ పిప్పినే కొలిమిలో వేసి ఆవిరి పుట్టించి, ఆ ఆవిరితో యంత్రములు త్రిప్పి, కరెంటును తీసి, మిగిలిన వేడితో రసము కాచెదరు. కట్టెలు కొనకయే పొయ్యి రాజేయు ఇల్లాలివంటిది చక్కెర మిల్లు. కాని చెఱకు రానినాడు ఆ పొయ్యియు చల్లారును.

చెఱకు అప్పగించిన పదునాలుగు దినములలో రైతునకు సొమ్ము చెల్లింపవలయునని 1966 నాటి చెఱకు నియంత్రణ ఉత్తర్వు చెప్పుచున్నది. ఆ పదునాలుగు దినములను నమ్మి కూతురి పెండ్లికి ముహూర్తము పెట్టుకొని, నెలల తరబడి మిల్లు గుమ్మముకడ పడిగాపులు కాచిన తండ్రులు చెఱకు పండు సీమలన్నిటను గలరు. తండ్రి మిల్లుకడ నుండగా ఇంటికడ కోమటికి సమాధానము చెప్పుకొన్నది తల్లియే.

2002లో ప్రభుత్వము ఈ మిల్లులలో నూటికి 51 భాగములను ఒక ప్రైవేటు కంపెనీకి విక్రయించెను. 2015 డిసెంబరులో బోధను, ముత్యంపేట, మంబోజిపల్లె మిల్లులు మూడును మూతపడెను. సారంగాపురపు సహకార మిల్లు అంతకుముందే ఆగిపోయియుండెను. ఇట్లగుటకు విక్రయమే కారణమని కొందరు, నీరు తగ్గుటయే యని కొందరు, ధర చాలకపోవుటయే యని మరికొందరు వాదింతురు. ఒక్క కారణమునే చెప్పువారిని నేను నమ్మను. నిజాముసాగరము మొదట సుమారు 30 టి.యం.సి.ల నీరు పట్టెడిది. పూడిక నిండి అది సగముకంటె తక్కువకు దిగెను. నీటిమట్టము పెంచిన పిదప 17.8 టి.యం.సి.లకు వచ్చెను. ఎగువను సింగూరు ఆనకట్ట లేచి మంజీరా నీరు హైదరాబాదు దాహము తీర్చుటకు మరలెను. నీరు తగ్గిన రైతు చెఱకు తగ్గించెను. చెఱకు తగ్గిన మిల్లు నష్టపడెను. నష్టపడిన మిల్లు సొమ్ము ఆలస్యము చేసెను. సొమ్ము రాని రైతు మరల వరికే పోయెను. ఒక్కొక్క కొలికి వదులైనకొలది ప్రక్క కొలికియు వదులైనది.

ఇక సముద్రపు గాలి. దీని పుట్టినిల్లు డెన్మార్కు. అది మన తెలంగాణములో సగముకంటె తక్కువయగు చిన్న దేశము. అచట ఆస్కోవు గ్రామమున పౌల్ లకూర్ అను ఉపాధ్యాయుడు 1891లోనే గాలిమరచే విద్యుత్తును తీసి, పల్లెటూరి యువకులకు ఆ విద్య నేర్పెను. ఆయన శిష్యుడు యోహన్నెస్ యూల్ 1957లో గెడ్సరునందు నిలిపిన మర పదియేండ్లు చక్కగా తిరిగెను. అంతలో నూనె చౌకయై జనులు గాలిని మరచిరి. 1973లో అరబ్బు దేశములు నూనె బిగబట్టగనే, ఇంధనమునకు చాలవరకు పరదేశముల నూనెపైననే ఆధారపడియున్న డెన్మార్కునకు ఆదివారములలో కార్లు నిషేధింపవలసిన గతి పట్టెను. గాలి మరల జ్ఞాపకము వచ్చెను.

అప్పుడు ముందునకు వచ్చినవారెవరు? గొప్ప గొప్ప ఇంజనుల కంపెనీలు గావు. ఇనుపపనిముట్లు చేయు కమ్మరికొట్టుగా 1898లో మొదలై సేద్యపు పరికరములు చేసిన వెస్టాసు ఒకటి. కుర్చీలు బల్లలు చేయు వడ్రంగి కర్మాగారముగా పుట్టి, గాజునార పడవలు చేసి, ఆ చేతితోనే మర రెక్కలు పోతపోసిన ఎల్.యం. కంపెనీ ఒకటి. పొలములకు నీరు చిమ్ము గొట్టములు చేయు డాన్‌రెన్ మరొకటి. ఆ పేరునకు డెన్మార్కు వాన యని అర్థమట. ఈ నీటిగొట్టములవారి మరలశాఖయే తరువాత బోనస్ అను పేరు దాల్చి, 1991లో విండెబీ తీరమున, ప్రపంచమున మొదటిసారిగా సముద్రములో పదునొకండు మరలను నిలిపెను. అన్నియు కలిసి 5 మెగావాట్లు మాత్రమే. ఇరువదియైదేండ్లు తిరిగి, 2017లో వానిని తొలగించిరి. సేద్యమునకు నీరందించు పనియే ఇచట చక్కెరకును, అచట సముద్రపు మరకును త్రోవ చూపుట నాకు వింతగా నున్నది. 2000లో కోపెన్‌హాగెను ఎదుట నిలిపిన ఇరువది మరలలో సగము ఎనిమిదివేలకు పైబడిన వాటాదారులు గల సహకార సంఘమునకు చెందినవి. మన యింట కుదువబెట్టిన గొలుసు విడిపించుకొన్నంత సొమ్ముతో అచటి గృహిణి గాలిమరలో వాటా కొనగలిగెనన్నమాట.

నేటి మరలు ఆ మొదటి మరలకు మనుమలవలె లేవు, రాక్షసులవలె నున్నవి. 15 మెగావాట్ల మరకు ఒక్కొక్క రెక్క 115 మీటర్లు. చార్మినారును దానిప్రక్క నిలిపినచో సగమునకు వచ్చును. అట్టి రెక్కను ఏ రోడ్డుమీదను త్రిప్పలేరు. కావున రేవుగట్టుననే పోతపోసి గట్టునుండియే ఓడ కెక్కింపవలెను. దానిని నిలుపుటకు సముద్రగర్భమున దిగవేయు ఉక్కుగొట్టము వేయి టన్నులకు పైబడును. దానిని దించుటకు అడుగున కాళ్లూని నీటిపైకి లేచి నిలుచు ప్రత్యేకపు ఓడలు కావలెను. అట్టి ఓడలు లోకములోనే కొద్ది. ఇసుకలో పూడ్చు తీగెలు, గట్టున ఆ కరెంటును అందుకొను స్థానము, గాలి నెమ్మదించిన దినములు చూచి పోయి మరమ్మతు చేయు మనుష్యులు, అన్నియు సిద్ధము కావలెను. రేవు లేనిదే కర్మాగారము పెట్టనని ఒకడు, కర్మాగారము లేనిదే రేవు లోతు చేయనని ఒకడు, ధర తెలియనిదే ఓడ కట్టనని మరియొకడు. మనకు తెలిసిన పాటయే. 2023లో బ్రిటిషు ప్రభుత్వము పాట పెట్టగా సముద్రపు మరలకు ఒక్కడును ముందునకు రాలేదు. ఆ యేడే అమెరికాలో న్యూజెర్సీ తీరపు రెండు గొప్ప ప్రయత్నములను డెన్మార్కు కంపెనీ విడిచిపెట్టినది. వడ్డీలు పెరిగి, సరుకులు ప్రియమై, ఓడలు వేళకు దొరకక అట్లయ్యెను.

ఈ కథలో బోధనువంటి ఊరొకటి యున్నది. ఇంగ్లండులోని హల్ నగరమునకు దూరసముద్రపు చేపలవేటయే జీవనము. 1968లో మూడు వారములలో మూడు ఓడలు మునిగి 58 మంది మరణించిరి. లిలియన్ బిలోకా అను చేపల కొట్టములోని కూలిస్త్రీ తలకు రుమాలు కట్టుకొని వీధులు తిరిగి, పదివేల సంతకములు కూర్చి, తోడి స్త్రీలతో లండనునకు పోయి మంత్రులను నిలదీసెను. ప్రతి ఓడమీదను రేడియో పనివాడుండవలెనన్న కోరికతో మొదలై 88 రక్షణ విధులు అమలునకు వచ్చెను. ఆమెకు దక్కినదేమి? ఉన్న పని పోయెను, ఆ పరిశ్రమలో మరల ఎవ్వరును పని యీయలేదు. 1976లో ఐస్‌లాండు తన సముద్రమును మూసికొనగా హల్ వేట కూలిపోయెను. రేవులు ఖాళీగా పడియుండెను. నలువది యేండ్లకు, 2016 డిసెంబరులో, ఆ నగరముననే సముద్రపు మరల రెక్కలుచేయు కర్మాగారము తెరువబడెను. మరుసటి నెలలో 75 మీటర్ల రెక్క నొకదానిని తెచ్చి ఊరి నడిబజారున అడ్డముగా పెట్టగా, జనులు వచ్చి తడిమి చూచిరట. ఇది శుభమే. కాని నలువది యేండ్లనగా ఒక తరము. వేట పోయిననాడు పొయ్యి ఆరిన ఇల్లాలికి ఈ రెక్క ఏమి పెట్టినది? ఆమె మనుమనికి పని దొరకియుండవచ్చును.

మన దేశమున సముద్రపు గాలి విధానమును 2015లో ప్రకటించిరి. 2030 నాటికి 30,000 మెగావాట్లు కావలెనని 2018లో అనుకొనిరి. 2025 నాటికి ఒక్క మరయు మన సముద్రమున నిలువలేదు. 2024 జూనులో కేంద్రప్రభుత్వము గుజరాతు, తమిళనాడు తీరములలో చెరి 500 మెగావాట్లకై 7,453 కోట్ల రూపాయల పథకమును అంగీకరించెను. అందులో 600 కోట్లు రెండు రేవులను బాగుచేయుటకే. ఈ చిన్న అంకెయే నాకు పెద్దదిగా తోచినది. ముందు రేవు కావలెనని ఎవరో గుర్తించిరి. ఆంధ్రులకు పొడవైన తీరము గలదు. 1941లో నెలకొల్పబడిన ఓడల కర్మాగారము విశాఖపట్టణమున గలదు, ఉక్కు కర్మాగారమును అచటనే గలదు. గాలిమరల అనుభవమును క్రొత్త గాదు. అనంతపురము సీమలో రామగిరి గుట్టలపై 1990ల నాటినుండియు మరలు తిరుగుచున్నవి. వీనిని ఒక్క త్రాట కట్టువారు రావలెను.

నిజామాబాదునకు రెక్కల కర్మాగారము రాదు. వచ్చునని చెప్పువాడు సముద్రమును చూడనివాడే. ఇచట గాలికి బదులు పిప్పి యున్నది. చెఱకాడినంత కాలము అదియు కరెంటే. బోధను మిల్లును మరల తెరచుటకు తెలంగాణ ప్రభుత్వము 2024లో ఒక సంఘమును నియమించెను. ఇచటను అదే చిక్కు. మిల్లు ఆడునను నమ్మకము లేనిదే రైతు చెఱకు వేయడు. చెఱకు లేనిదే మిల్లు ఆడదు. నేడు నిశ్చయించినను రేపు ఆడదు. ఒక యెకరము విత్తనపు చెఱకుతో ఎనిమిది పది యెకరములు మాత్రమే నాటగలరు. ముందొక యేడు విత్తనమును పెంచవలెను, రెండవ యేడు దానిని పొలములలో పరవవలెను, పండ్రెండునెలలు కాచుకొనవలెను, ఆ నాటికి కొలిమి వెలిగియుండవలెను.

వరి కోసిన పిదప పొలము ఖాళీయగు వేళ భార్యాభర్తలు అరుగుమీద కూర్చుండి లెక్క చూచుకొందురు. వరియైనచో ఈ యేడే రెండు మారులు చేతికి సొమ్ము. చెఱకైనచో ముచ్చెల ఖరీదు, కలుపుకూలి, ఏడాది నిరీక్షణము, ఆపైన పదునాలుగు దినములు. మిల్లు ఏ నెలలో ఆడునో, ఆ పదునాలుగు దినములకు పూచీ యెవరో కాగితముమీద వ్రాసి యిచ్చినగాని, ఆమె తన పుస్తెల త్రాడు కుదువబెట్టి ముచ్చెలు కొననీయదు. నేనైనను కొననీయను.